కుండ కింద మీ తాత

“అమ్మమ్మా, తాతయ్య డ్యాములో పరజ పిట్టల్ని చేత్తో పట్టేవారట. నిజమేనా?”

నిజమే. ఎవులు సెప్పేరు నీకు? మీ అమ్మా? దానికేటి తెలుసు, అప్పుడది మూడో తరగతి. కాదు, నాలుగు. మూడో తరగతిలో దానికి పచ్చకామెర్లొచ్చి కోటవురట్ల తీసుకెళ్ళి పసరు పోయించేం, నేను సెప్పబోయీది ఆ మరుసటేడు సంగతి. ఆ ఫోను అక్కడ అరుగు మీదెట్టు, మొకం మీదెడితే నాకు మాట రాదు. రికార్డవుతోందా? సరే.

తుపాకీ లేదు, వల లేదు. ఒట్టి సెయ్యి, ఓ మట్టికుండ. నర్సీపట్నం సంతలో కుండ అయిదు రూపాయలు అప్పుడు, బేరమాడితే నాలుగు. ఇప్పుడు ఆ కుండే నూట యాభై అంటన్నాడు, ఫ్రిజ్జు నీళ్ళ కన్నా మంచిదని ఆడే నాకు సెప్తన్నాడు.

మన డ్యాము సూసేవు కదా, కొయ్యూరు కొండల కింద. మీ కాలేజీ వాళ్ళు పిక్నిక్కని ఎళ్ళేరు పోయినేడు. ఆ నీళ్ళ కింద మీ తాతోళ్ళ ఊరుంది. నా పెళ్ళికి ముందే ములిగిపోనాది, నేనా ఊరు కంటితో సూళ్ళేదు. కానీ మా అత్త నోట రోజూ ఇనీదాన్ని. ఇక్కడ సింతసెట్టు, ఇక్కడ మా దొడ్డి, ఇక్కడ మేకల పాక అని. అన్నం తింటా సెప్పీది, తలదువ్వుకుంటా సెప్పీది. ఆ ఊరికో సెరువుండీది. రెండు కొండల మధ్యన పెద్ద గట్టేసి కట్టిన సెరువు. తూము తీసి పొలాలకి నీళ్ళొదిలీ పని మా మావగారిది. అందుకని ఆ గట్టు మా గట్టు.

ములిగిన ఊరోళ్ళకి ఓ పద్ధతుండీది. ఎవుల నేల మీద నిలబడ్డ నీళ్ళు ఆళ్ళవి. అక్కడ సేప పట్టినా, పిట్ట పట్టినా ఆళ్ళే పట్టాలి, ఇంకోళ్ళు సెయ్యెట్టరు. కాయితం మీదేటీ లేదు, మాట మీదే. పేకాటలో కొట్టుకున్నోళ్ళు కూడా ఆ మాట మాత్రం తప్పలేదు సుమీ.

పిట్టలు దీపావళి ఎళ్ళేక దిగీవి. పరజలు, నల్ల నీటికోళ్ళు, ఇంకా పేరు తెలీని సలిదేశం బాతులు. నడిమజ్జిన లోతు మీద కూకునీవి. అక్కడికి మనిషి నడిసి రాలేడని ఆటికి తెలుసు. పడవేసుకెళ్తే అంత దూరాన ఉండగానే లెగిసిపోతాయి. సిన్న సెరువుల్లో కుండ నెత్తినెట్టుకుని పిట్టల ఏట అందరూ సేస్తారు, కాలికి నేల అందుతాది కాబట్టి. డ్యాములో ఎవులు సేస్తారు? మేమే సేసీవోళ్ళం. మాకు నీళ్ళ కింద గట్టుంది. డిసెంబరులో గట్టు మీద నిలబడితే మీ తాతకి గుండెల దాకా నీళ్ళు. ఒక్క అడుగు అటేసినా ఇటేసినా తాటిసెట్టు లోతు. పైగా మీ తాతకి ఈత రాదు. ఇప్పటికీ రాదు.

ముందో వారం ఒట్టి కుండలు ఒదిలీవోళ్ళం. పన్నెండు కుండలు, ఓ పొడుగు తాడుకి కట్టి, తాడు కొసకి బండరాయి. పిట్టలు మొదట బెదురుతాయి, నాలుగు రోజులు పోతే కుండల పక్కనే తిరుగుతాయి. అప్పుడు మీ తాత పదమూడో కుండ నెత్తి మీద బోర్లించుకుని, మోకాళ్ళు ఒంచి, ఆ గట్టెంట నడిసీవోరు. కుండకి కళ్ళకాడ రెండు కన్నాలు. పైకి కుండ ఒకటే కనపడతాది. పక్కకొచ్చిన పిట్టని నీళ్ళ కిందనుంచి కాళ్ళు పట్టి లాగీసి, నడుం సంచిలో ఏసీడమే. పక్క పిట్ట ఇది ములిగిందనుకుంటాది, అంతే.

అయితే ఆ గట్టు తిన్నగా లేదు. మీ తాత దిగిన కొండ నుంచి తూము దాకా తిన్నగా ఎళ్ళి, తూము కాడ ఎడం పక్కకి తిరిగి, అవతలి కొండకి తగుల్తాది. కుండలో ఉన్న మనిషికి పక్కలేటి కనపడతాయి? అందుకని అవతలి ఒడ్డున ఇంటి మనిషొకలు ఎర్రసీర కట్టుకుని నిలబడాలి. అది నేను. ముందు నేను నల్లరాయి కాడ నిలబడితే, ఆయన నన్ను సూసుకుని తిన్నగా నడవాలి. ఆయన కాలికి తూము రాయి తగలగానే కుండ రెండుసార్లు ముంచుతారు. అది సూసి నేను ఎళ్ళి, గట్టు కొండకి తగిలీ చోటున్న తెల్లరాయి కాడ నిలబడాలి. అప్పుడాయన నా ఏపు తిరుగుతారు. అరవకూడదు, పిట్టలు లెగుస్తాయి. ఇదంతా మా మావగారు పెట్టిన పద్ధతి. ఆయన నడిసినప్పుడు మా అత్త నిలబడీది. ఆవిడ మోకాళ్ళు పాడయ్యేక నాకొచ్చింది ఆ పని.

ఆ రోజు క్రిస్మస్‌కి ఇంకా మూడు రోజులు. సంఘంలో అందరికీ మా ఇంటి పరజల కూరంటే ప్రాణం. అత్త కూడా ఒచ్చి నీడన కూకుంది. మీ తాత నీళ్ళలో దిగి చాలాసేపయ్యింది, రెండు పిట్టలు దొరికీసేయి. అప్పుడు అత్త ఊరికే ఉండొచ్చు కదా. ఉండదు. నా నిలబడ్డం సూసి, “రోలుగుంట మెట్ట మీద జీడితోటల్లో పెరిగినోళ్ళకి నీళ్ళ సంగతేటి తెలుస్తాది, మీ నాన్న బావి కూడా సరిగ్గా తవ్వలేదు” అని నవ్వింది. మామూలు మాటే. నాకు మాత్రం కాలింది. మా నాన్న సచ్చిపోయి అప్పటికి ఏడాది కాలేదు. మొకం తిప్పుకుని, ఇసురుగా ఎళ్ళి దూరంగా ఓ రాయి మీద కూకున్నాను.

ఏ రాయి? తెల్లరాయి. సూసేవా నా బుర్ర.

ఏడుపొచ్చి కొంగుతో మొకం తుడుసుకుంటన్నాను. ఒక్కసారి పిట్టలన్నీ లెగిసిపోనాయి, నీళ్ళంతా రెక్కల సప్పుడు. తల ఎత్తి సూస్తే కుండలున్నాయి, ఒకేలాగున్న పదమూడు కుండలు. దేని కింద మీ తాతున్నారో నాకు తెలీలేదమ్మా. ఒట్టు, అంత బయ్యం నేను మళ్ళీ ఎప్పుడూ పళ్ళేదు. అందులో ఓ కుండ పక్కకి ఒరిగి, నీళ్ళు తాగి, బుడుంగున ములిగిపోనాది. అప్పుడు తెలిసింది.

నేను కేకెయ్యలేదు. కేకేసింది అత్త. ఆ కేకకో ఏమో, కుండల తాడు ఊగింది, తాడు మీద ఓ సెయ్యి కనపడింది. తాడు పట్టుకున్నారు, కానీ ఆ తాడెంతసేపు ఆపుతాది మనిషిని? అత్త తన సీర ఇప్పీసి నా సేతిలో ఎట్టింది. అరవయ్యేళ్ళ మనిషి, పట్టపగలు, లంగా జాకెట్టుతో ఒడ్డున నిలబడి, “ఇక్కణ్ణించి గట్టు నాకు తెలుసు, నేను సెప్పినట్టు నడు” అంది. 

నడిసేను. నాకు మెడదాకా నీళ్ళు. ఎనకనుంచి ఆవిడ సెప్తానే ఉంది, కుడికి, ఇంకొంచెం కుడికి, ఇక్కడ జారుతాది, అక్కడ రాళ్ళున్నాయి అని. ములిగి పాతికేళ్ళయిన గట్టు. ఒక్క మాటా తప్పు కాలేదు. రోజూ ఆవిడ ఆ ఊరు గురించి సెప్తాంటే ముసలిదాని గోలనుకునీదాన్ని నేను. తూము రాయి కాలికి తగిల్నాక సీర ఇసిరేను. మొదటిసారి అందలేదు. రెండోసారి పట్టుకున్నారు.

ఒడ్డుకొచ్చి ఊపిరి పీల్సుకున్నాక మీ తాత నాకేసి సూసేరు. నేను నోరు తెరవబోయేను. ఈలోగా అత్త, “నేనే దాన్ని అటు పొమ్మన్నాన్రా, ఎండలో నిలబడలేకపోతంటేను. బుద్ధి తక్కువై సెప్పేను” అంది. తడిసీర పిండుకుంటా, నాకేసి సూడకుండా అంది. నేను నోరు మూసుకున్నాను. మూసుకుని అలాగే పదేళ్ళున్నాను. నడుం సంచిలో రెండు పిట్టలూ ములిగి సచ్చిపోనాయి, ఆటినే కూర సేసింది అత్త. నాకు ముద్ద దిగలేదు. ఆవిడ మాత్రం బాగా తిని, ఉప్పు సాలలేదంది.

తరవాత కూడా ఎళ్ళేం, నాలుగేళ్ళో అయిదేళ్ళో. ఫారెస్టోళ్ళొచ్చి కేసులెడతామంటే మానీసేం. మానడమే మంచిదయ్యిందిలే. పాపం ఎక్కణ్ణించో ఎగిరొచ్చీ పిట్టలు. కానీ ఆ కూర రుచి మాత్రం, ఇప్పుడు మీరు తినీ బ్రాయిలర్ కోడికి రాదు.

అత్త పోయింది రెండువేల మూడులోనో నాలుగులోనో. మీ మావయ్యకి ఇంటర్ పరీక్షలు అప్పుడు. సమాధి కార్యక్రమమయ్యి, సుట్టాలంతా ఎలిపోయిన మరునాడు పొద్దున్న, నేనూ మీ తాతా అరుగు మీద జీడిపిక్కలు కొడతన్నాం. ఇంక మోయలేకపోయేను. సెప్పీసేను. అత్త పొమ్మన్లేదు, నేనే అలిగి ఎళ్ళి తెల్లరాయి మీద కూకున్నాను, నా వల్లే మీరు పడ్డారు, ఆవిడ పదేళ్ళు నా తప్పు మోసింది అని.

ఆయన పిక్కలు కొట్టడం ఆపలేదు. అమ్మ అబద్ధమాడిందని ఆ రోజే తెలుసన్నారు. మరి నాకో సంగతి అర్థం కాలేదు ఇన్నాళ్ళూ. కాలికి తూము రాయి తగల్లేదు కదా. కుండ ముంచలేదు కదా. గట్టు ఇంకా తిన్నగానే ఉందని ఆయనకి తెలుసు కదా. మరెందుకు తిరిగేరు? అదే అడిగేను.

“రాయి తగల్లేదు, నిజమే” అన్నారు. “కానీ నువ్వు జరిగేవు. నా కాలే తప్పనుకున్నాను.”

అంతే అన్నారు. అని, ఈ పిక్క పుచ్చిందని అవతల పారీసేరు. నేను కొంగు అడ్డం ఎట్టుకుని లోపలికెళ్ళిపోయేను. ఆ రోజు నుంచి నేను ఆయన ముందు అలిగి ఎటైనా ఎళ్ళాలన్నా, ముందు ఎక్కడ కూకుంటన్నానో సూసుకుని కూకుంటన్నాను.

నవ్వకు. నీకూ దొరకాలి అలాగ, తన కాలి కన్నా నిన్ను నమ్మీవోడు. దొరికేక బేగి కోపం తెచ్చుకోకు. సల్లగా ఉండు తల్లీ, ప్రభువు నీ సెయ్యి ఒదలకూడదు. అదిగో, మీ తాత సంత నుంచి ఒస్తన్నారు, మళ్ళీ ఏ పుచ్చు వంకాయలు తెచ్చేరో… ఆ ఫోను తీసీ ఇంక.