తీపి నీళ్లు

1969 మాఘమాసం. కోటగిరి అవతలి వాగు ఒడ్డున, చచ్చిన చేపల గంప ముందు పెట్టుకుని ఒక బెస్త అవ్వ కొత్త ఖండసారి చక్కెర మిల్లు మున్షీని నిలదీస్తోంది.

“రాత్రి వాగుల ఏం ఇడిసిండ్రు మున్షీ సాబ్?”

“చెరుకు మడ్డి. మాకు పనికిరాదు, పారవోసినం.”

“తెల్లారేసరికి రవ్వలు, పరకలు నోళ్లు తెరుసుకుంట మీదికొచ్చి సచ్చినయి. ఇసం పోసిండ్రు! ఇగ మా వాడకట్టంత ఏం తినాలె?”

“ఇసం కాదవ్వా, తీపి. నీళ్లల్ల కండ్లకు కనవడని పురుగులుంటయి. మడ్డి దొరికితే తిని లచ్చలు లచ్చలు పెరుగుతయి. నీళ్లల్ల ఉన్న గాలంత అవే పీల్చుకుంటయి. చేపలకు ఊపిరి ఆడదు. మేం సంపలే, పురుగులు సంపినయి.”

“చేన్లకు ఎడ్లను తోలి, మేసింది ఎడ్లేనంటవా? ఆ పురుగులకు మేత ఏసిందెవలు?”

“ఎన్నిసార్లు చెప్పాలె? ఇసమైతే నేను తాగుతనా? ఇగో, సూడు.”

మున్షీ వంగి దోసిలితో నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

“ఏమన్న అయిందా నాకు?”

“గట్ల కాదు సాబ్. చేప తాగినట్టు తాగు. తలకాయ లోపల వెట్టు. నేను వట్టుకుంట.”