హాల్వర్ బోను ఎవరెత్తుకెళ్ళారు

మా రేవులో ఎరలమ్మే కొట్టు నాది. పొద్దున్నే కాఫీ కూడా పోస్తాను, అందుకే హాల్వర్ పాలబడ్డాను. ఆయన రిటైరైన దగ్గర్నించీ కౌంటరు ముందు మొదటి స్టూలు ఆయనదే. ఆ రోజు మాత్రం ఊరికే కోతలు కొయ్యడానికి రాలేదు. సాయంత్రం రేవు హాల్లో మీటింగుంది. మా అఖాతంలో ఇక్కడి ఆదివాసీ తెగవాళ్ళ పడవలు పీతలు పట్టకుండా చెయ్యమని అధికారుల్ని అడగడానికి మనుషుల్ని పోగేస్తున్నాడు. ఆంటోన్‌ని ఒప్పిస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని ఆయన ఎత్తు. ఆంటోన్‌ది పీతల వ్యాపారం, సొంత పడవ, రేవులో మాట చెల్లే మనిషి. ఈ మధ్య పీతలు సరిగ్గా పడక అతనూ చిరాగ్గానే ఉన్నాడు. కౌంటరు చివర తెగవాళ్ళ డార్లా కూర్చుని కాఫీ తాగుతోంది. మర్నాడు వాళ్ళ పడవలకి సీజను తెరుస్తారు, వాళ్ళింట్లో ఏడాది తిండి అందులోంచే రావాలి. ఆవిడ వింటోందని హాల్వర్‌కి తెలుసు. వినాలనే మొదలుపెట్టాడు.

"చూడు ఆంటోన్, నేను సరదాకి పట్టుకునేవాణ్ణి. రోజుకి అయిదు పీతలన్నారు, సరే అన్నా. మగవే పట్టమన్నారు, సరే అన్నా. పెంకు గట్టిపడాలి, కొలబద్దకి తగ్గకూడదన్నారు, దానికీ సరే అన్నా. నువ్వేమో పడవ నిండా పట్టుకుని అమ్ముకుంటావు. వీళ్ళనడిగితే తాతలనాటి ఒడంబడిక అంటారు. మా తాతా ఇక్కడే పట్టాడయ్యా, ఆయనకెవడూ కాగితం రాసివ్వలేదే."

"మీ తాతకి ఇల్లు కట్టుకోడానికి చోటు వదిలినందుకే మా తాతకి సర్కారు ఆ కాగితం రాసిచ్చింది," అంది డార్లా, కప్పు మీంచి తలెత్తకుండా.

"విన్నావా ఆ మాట? సర్లే, అది వదిలెయ్. మూడు వారాల కిందట మనకి సీజను తెరిచిన రోజు సంగతి చెప్తా విను. మధ్యాహ్నం భోంచేసి పడవేసుకుని ముక్కు కొండ దగ్గరికెళ్ళా. కోడికాలు ఎర పెట్టి బోను దింపా. తాడు కూడా ఎలా కట్టాననుకున్నావు, అడుగున బోను, పైన తేలే బెండు, మధ్యలో మూరెడు వదులు లేకుండా బిగించి కట్టా. మీలాగా చుట్టలు చుట్టలు తాడు నీళ్ళపాలు చేసే రకం కాదు నేను. కాస్సేపాగి లాగితే అయిదు పీతలు. సరిగ్గా అయిదు. ఆరోది గట్టు మీద నిలబడి చూస్తోంది."

"ఏ గట్టు మీద?" అన్నాడు ఆంటోన్.

"బోను గట్టు మీదయ్యా. దాని వంతు కాదని దానికి తెలుసు. నా దగ్గరికొచ్చే పీతలకి రూల్సన్నీ తెలుసు. కొలబద్ద తియ్యగానే వరసలో నిలబడతాయి. పొట్టివి వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. ఆడవి సిగ్గుపడి తిరిగి నీళ్ళలోకి దూకుతాయి. ఆ రోజు ఒక కుర్ర పీత కాలి వేళ్ళ మీద నిలబడి మోసం చెయ్యబోతే పక్కనున్న ముసలి పీత దాన్ని ఒక్కటిచ్చింది."

నేను కాఫీ పోస్తూ, "పీతకి కాలి వేళ్ళేవి?" అన్నాను.

"నువ్వు కాఫీ పొయ్యమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా అయిదూ అయిపోయాయి కదా, బోను కడుక్కుందామని ఊరికే మళ్ళీ దింపా. లాగబోతే రాదు. నడుం బిగించి లాగా. పైకొచ్చింది చూడు ఒక్కటే పీత, బోనంతా అదే, డెక్కలు చువ్వల్లోంచి బయటికొచ్చి నా పడవ అంచు పట్టుకున్నాయి. కొలబద్ద పెడితే దాని కన్ను దగ్గరే అయిపోయింది. తెడ్డుతో కొలిచా. తెడ్డూ చాల్లేదు."

"అంత పీత బోనులోకి ఎలా దూరింది?" అన్నాడు ఆంటోన్.

"చిన్నప్పుడు దూరుంటుంది, లోపలే పెరిగుంటుంది. అడ్డురాకు. అంతటి పీత గింజుకుంటున్నా బోను మూత ఊడలేదంటే ఎందుకనుకున్నావు? ఈవిడ కొట్లో అమ్మే నూలు దారం కాదు నేను కట్టింది. నైలాను! మూత నూలు దారంతోనే కట్టాలిట, బోను ఎక్కడైనా పోతే అది నీళ్ళలో నానినాని పుచ్చి తెగాలిట, పీతలు పోవాలిట. పట్టుకోడానికి బోనేస్తామా, వదిలెయ్యడానికేస్తామా?"

ఆంటోన్ కప్పు కింద పెట్టాడు. 

"నేను చట్టానికి కట్టుబడ్డ మనిషిని కదా, 'నాయనా, నా లెక్క అయిపోయింది, నువ్వెళ్ళు' అన్నా. అది వెళ్తేనా. తాడు పట్టుకుని నన్నే లాక్కుపోయింది. దీవులు దాటించింది. ఎదురుగా ఫెర్రీ వస్తే ఫెర్రీయే హారన్ కొట్టి పక్కకి తప్పుకుంది. డెక్కు మీద జనం టోపీలు తీశారు, నాకో పీతకో తెలీదనుకో. కెనడా సరిహద్దు దగ్గర వాళ్ళ గస్తీ పడవొచ్చి ఆపింది. అందులో ఆఫీసరు లైసెన్సేదన్నాడు. నాది జేబులో తడిసిపోయింది. పీత డెక్క పైకెత్తి నావైపు చూపించి తల ఊపింది, ఈయన మంచివాడే అన్నట్టు. ఆఫీసరు సెల్యూట్ కొట్టాడు."

"పీతకా?"

"ఇద్దరికీ. తిరుగు ప్రయాణంలో సొంతంగా దారి చూపించి, ముక్కు కొండ దగ్గర నన్ను దింపి, సెలవు తీసుకుంది. వెళ్తూ వెనక్కి తిరిగి చూసిందయ్యా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి." నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు, అది ఆయనకున్న విద్య. "ఆ బోను అక్కడే మళ్ళీ దింపి ఇంటికొచ్చా. చీకటి పడేలోపు తీద్దామని వెళ్తే ఏముంది? బెండు లేదు. బోను లేదు. నా పేరు రాసిన ఎరుపూ తెలుపూ బెండు, మాయం. అంతటి పీత ఎత్తుకుపోని బోనుని మనుషులెత్తుకెళ్ళారు. ఎవరో నేను చెప్పక్కర్లేదు. పీతలు తగ్గాయంటే ఎందుకు తగ్గవు? ఏం ఆంటోన్, సాయంత్రం వస్తావు కదా?"

ఆంటోన్ డార్లా వైపు చూశాడు. ఆవిడ కప్పు ఖాళీ చేసి, హాల్వర్ వైపు తిరిగింది.

"పెద్దాయనా, బోను దింపినప్పుడు నీళ్ళు ఎలా ఉన్నాయి?"

"నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి."

"ఆటుకి తీసున్నాయా, పోటు మీదున్నాయా?"

"బాగా తీసున్నాయి. బురద కనబడుతోంది. అయితే?"

డార్లా లేచి బయటికెళ్ళింది. పికప్ తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి, నా కౌంటరు మీద ఒక బోను పెట్టింది. నాచు పట్టి కంపు కొడుతోంది. దానికి పొట్టి తాడు. తాడు చివర ఎరుపూ తెలుపూ బెండు, దాని మీద హాల్వర్ పేరు, ఆయన చేతి రాతే.

"రేపు దిగాలి కదా, చోటు చూసుకుందామని తెల్లవారుజామునే ముక్కు కొండ దగ్గరికెళ్ళా," అంది. "నీళ్ళు తీసున్నాయి కాబట్టి బెండు పైకి కనిపించింది. పోటొస్తే ఈ తాడు చాలక మునిగిపోతుంది. నువ్వు పోటు మీదొచ్చి చూస్తావు, దొంగలంటావు. ఎత్తుకెళ్ళడానికి ఆ రోజు మా పడవ నీళ్ళలో ఒక్కటీ లేదు, మాకు సీజను మూసుంది. మాకూ కొలబద్ద ఉంది. ఆడవాటిని మేమూ వదులుతాం. అమ్మిన ప్రతి పీతకీ లెక్క చెప్తాం. నీ బోను చెప్పదు." మూతకి కట్టిన నైలాను దారం మీద వేలు పెట్టి ఊపింది, ముడి చెక్కు చెదరలేదు. "పొట్టివీ, ఆడవీ, అన్నీ లోపలే చచ్చాయి. ఒకటి చస్తే దాని వాసనకి ఇంకొకటి వచ్చింది. బతికున్నవాటిని వదిలేశా. మిగతావి నువ్వే చూడు."

లోపల డొల్ల పెంకులు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. అందులో కొన్ని నా అరచేతికంటే చిన్నవి. కోతలకి నవ్వుకుంటూ ఇన్నాళ్ళూ ఆయనకి కాఫీ పోసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

హాల్వర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పెద్ద పీతే తాడు కొరికి పొట్టిగా చేసుంటుంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనే ఆంటోన్ వైపు తిరిగి, కాస్త నెమ్మదిగా, "సాయంత్రం మీటింగు మాటేమిటి మరి? వస్తావా?" అన్నాడు.

"వస్తా," అన్నాడు ఆంటోన్, టోపీ పెట్టుకుని బోను భుజానికెత్తుకుంటూ. "దీన్ని నేనే మోసుకొస్తా."