వరదయ్య మిద్దె మీద కురిసిన వాన

ఆత్మకూరులో వరదయ్య నోరు తెరిస్తే కుక్కలు కూడా మొరగడం ఆపి వింటాయని పేరు. ఆయన ఇళ్ళు కట్టి అమ్మే మనిషి. కట్టే చెయ్యి ఎట్లాంటిదో ఎవరూ గట్టిగా చెప్పలేరు గాని, చెప్పే నోరు మాత్రం బంగారం. యాభై రెండో సంవత్సరం కార్తీకంలో, బస్సులు ఆగే చోటుకు అవతల వీధిలో ఆయన కొత్తగా ఒక మిద్దె కట్టి, సున్నం కొట్టించి, గడపకు పసుపు పూయించి, కొనేవాళ్ళ కోసం కాచుకుని ఉన్నాడు.

చూడడానికి వచ్చింది రాఘవమ్మ. ఆమె భర్త చెంచురామయ్య బడి అయ్యవారు. ఉదయగిరి నుంచి ఈమధ్యే బదిలీ అయి వచ్చాడు. పెళ్ళయిన నాటి నుంచి రాఘవమ్మ కాపురమంతా ఒకరి ఇంటి వెనక వాటాల్లోనే గడిచింది. మర్రిపాడులో పొయ్యి పొగ తమ గదిలోకి వస్తోందని ఇంటివాళ్ళు రోజూ తిట్టిన వాటా. కలిగిరిలో బయటికి పోవాలంటే ఇంటివాళ్ళ మంచాల మధ్య నుంచి తల వంచుకుని పోవలసిన వాటా. ఉదయగిరిలో కొండ వైపు కిటికీ ఉండీ తెరవనివ్వని వాటా. వంట చేస్తూ వాటిని వరసగా తలచుకోవడం ఆమెకు అలవాటు. ఏ ఇంట్లో నీళ్ళ కుండ ఏ మూల ఉండేదో మరిచిపోతే, ఆ ఏళ్ళు కూడా తనవి కాకుండా పోతాయని ఆమె భయం. సొంత ఇల్లంటూ ఉంటే ఇన్ని గుర్తుపెట్టుకునే పని ఉండదు. ఆ పని ఇల్లే చూసుకుంటుంది.

కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె నేరుగా లోపలికి నడిచింది. వెలుతురున్న వంటిల్లు. తూర్పు వైపు కిటికీ, తెరిచినా ఎవరూ ఏమీ అనని కిటికీ. గోడలు తడిమి చూసింది. తలెత్తి కప్పు చూసింది. మూలమూలా చూసింది. ఒక్క వంక కనపడలేదు. మర్రిపాడు వాటాలో గడప దాటకముందే గోడ పగుళ్ళన్నీ పట్టేసిన కళ్ళు ఇవి. ఇప్పుడు ఈ కళ్ళకేమైంది? ఆ ప్రశ్న లోపల ముల్లులాగా గుచ్చుకుంది. దాన్ని పక్కకు నెట్టి బయటికి వచ్చి, అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూచుంది.

అరుగు మీద అప్పటికే జనం చేరారు. ఎదురింటి ముసలి రైతు ఆదెయ్య తువ్వాలు పరుచుకుని చతికిలబడ్డాడు. టీ అంగడి మస్తానయ్య గ్లాసులు అందరికీ ఇచ్చి, అంగడి సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. వీధిలోవాళ్ళు ఇంకో నలుగురు. చెంచురామయ్య చెయ్యి జేబు మీదే ఉంది. అడ్వాన్సు ఆ సాయంత్రమే ఇచ్చేస్తే పీడా పోతుందని ఆయన తొందర.

“ఎవరన్నా మేస్త్రీకి ఒకసారి చూపిస్తే...” అన్నాడు ఆయన, అనాలి కాబట్టి.

“చూపించకుండా ఉంటానా అయ్యవారూ!” వరదయ్య ఒక కాలు మడిచి సర్దుకున్నాడు. “మా బామ్మర్ది శ్రీనివాసులుకే చూపించినా. వాడి మాదిరి వంకలు పెట్టేవోడు ఈ తాలూకాలో లేడు. వాడి పెళ్ళిలో తాళి కట్టబోతా కట్టబోతా పందిరి గుంజ వంకరగా ఉండాదని లేచి పోయినోడు. అట్టాంటోడు ఈ ఇల్లంతా తిరిగి ఏం చేసినాడో తెలుసా? ఏడ్చినాడు! ‘బావా, ఒక్క వంక దొరకలేదు, ఇంక నేను బతికి ఏం లాభం’ అని ఈ అరుగు మీదనే కూలబడి ఏడ్చినాడు.”

“కట్టిందీ నువ్వే, చూసిందీ నీ బామ్మర్దే,” అన్నాడు మస్తానయ్య. “బాగుండాది.”

“నువ్వు టీ తాగించురా, మాట్లాడబాక. మా వాడి మాట వద్దులే, నా మాటా వద్దు. వాన చెప్పింది, వాన! కప్పు వేసినాక ఒక తుంపర పడింది. పెద్ద వానేం కాదు, నేను అబద్ధం చెప్పను. తెల్ల పంచె కట్టుకుని లోపల చాప మీద పండుకున్నా. లేచి చూసుకుంటే పంచె మీద సూది మొనంత మచ్చ లేదు.”

వాన అన్న మాట వినపడగానే అరుగు మీద అందరూ ఇంకొంచెం దగ్గరికి జరిగారు. ఉదయగిరిలో వాన చూసి రెండేళ్ళయిందని రాఘవమ్మకు తెలుసు. కాని ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వానలు ఈ సీమవి. ఇక్కడ పడిందేమోలే అనుకుంది. అనుకోవాలని ఉంది ఆమెకు.

“తుంపర పడి పోయిందా?” అన్నాడు ఆదెయ్య.

“పోతుందా మామా! పట్టుకుంది. మూడు రోజులు! చినుకు అంటే చినుకు కాదు, ఒక్కొక్కటి టెంకాయంత. మిద్దె మీద ధన్ ధన్ అని పడి, లోపలికి దారి దొరక్క, ఎగిరి మళ్ళీ మబ్బులోకే పోయినాయి. వీధిలో కొట్టాలన్నీ కారినాయి. అందరూ బిడ్డల్నీ బర్రెల్నీ తోలుకుని నా ఇంట్లోకి వచ్చినారు. లోపల ఎట్టా ఉండాదో తెలుసా? బీడీ ముట్టించుకోవాలంటే అగ్గిపుల్ల గోడకేసి గీసినా. భగ్గుమని అంటుకుంది. అంత పొడి!”

“అబ్బా,” అన్నాడు మస్తానయ్య. ఎగతాళిగా అనలేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక కప్ప వచ్చి మిద్దె మీది తూముకు అడ్డం కూచుంది. ఇంక నీళ్ళు పోయే దారి ఏది? మిద్దె మీద మోకాలి లోతు, నడుం లోతు, నిలువు లోతు! పిట్టగోడ ఆ నీళ్ళను పట్టుకుని ఒక్క చుక్క కింద పడనియ్యలేదు. పొద్దున లేచి చూస్తే కొర్రమీనులు ఈదతా ఉండాయి. మా ఆడమనిషి కాఫీకి నీళ్ళు లేవంటుంది కింద. పైన చెరువు, కింద గొంతెండి పోతా ఉండాది! బిందె తీసుకుని మిద్దె ఎక్కి ముంచుకుని రావాల్సి వచ్చింది.”

“అన్ని నీళ్ళు ఉత్తగా పోనిచ్చినావా?” ఆదెయ్య ముందుకు వంగి అడిగాడు.

“పోనిస్తానా? పిట్టగోడ పక్కన ఇంత మందాన ఒండ్రు పేరుకుంది. నువ్వే గదా మామా, వరి నారు తెచ్చి నాటింది!”

ఆదెయ్య ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. పొలం బీడు పడి, ఎడ్లను సంతలో అమ్ముకున్న మనిషి. తర్వాత నెమ్మదిగా తలూపాడు.

“నాటినా. మొలగొలుకులే కదా నేను నాటింది?”

“మొలగొలుకులే మామా. ఏపుగా మనిషెత్తు పెరిగినాయి. గాలి వీస్తే ఆ పైరు ఊగే చప్పుడు బస్సుల కాడికి వినపడింది.”

“మట్టి వాసన వచ్చిందా, వరదయ్యా? మొదటి చినుకు పడినప్పుడు?”

అంత ధారగా మాట్లాడే వరదయ్య ఈసారి గొంతు తగ్గించాడు. “వచ్చింది మామా,” అన్నాడు. “బాగా వచ్చింది.”

ఎండి నెర్రెలిచ్చిన వీధి మీద నుంచి వేడిగాలి వచ్చింది. అయినా రాఘవమ్మకు ఆ వాసన నిజంగానే తగిలింది. కొత్త వంటింట్లో తను నిలబడి ఉన్నట్టూ, తూర్పు కిటికీ తెరిచి ఉన్నట్టూ, బయట జోరున కురుస్తున్నట్టూ కనపడింది. ఎంత బాగుందో! ఇంకొంచెం చెప్పు వరదయ్యా అని ఆమె ప్రాణమే అడిగింది.

వరదయ్య చెప్పాడు. “ఉదయగిరి కొండ ఎక్కినోళ్ళకు ఇక్కడ కొత్త చెరువు కనపడిందంట. ఆ మాట పోయి మద్రాసులో పడింది. ఒక పెద్ద ఇంజినీరు జీపేసుకుని వచ్చినాడు. మిద్దె మీద పుట్టి పడవ వేసుకుని, గెడ కర్ర వేసి లోతు చూసినాడు. దిగి వచ్చి నా చేతులు పట్టుకుని, ‘వరదయ్యా, పెన్నకు కట్ట కట్టాలని మేము లెక్కలేసి లెక్కలేసి చస్తా ఉంటే, నువ్వు మిద్దెతోనే ఆపేసినావే’ అన్నాడు. ఇంక ఆఖరికి ఎవరొచ్చినారో తెలుసా? వాన దేవుడు! వరుణుడే! తడిసి ముద్దయి, ఈ గడప ముందర నిలబడి, ‘అబ్బయ్యా, లోకంలో నేను దిగని ఇల్లు లేదు. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి, లోపల వేసి పోతా, నా పరువు నిలబెట్టు’ అని అడిగినాడు. నేనేమన్నానో తెలుసా? ‘స్వామీ, రిజిస్ట్రేషను అయ్యేదాకా లోపలికి ఎవరినీ రానియ్యను, కొనేవాళ్ళు వచ్చినాక వాళ్ళని అడుగు’ అన్నా.”

అందరూ నవ్వారు. చెంచురామయ్య కూడా నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. రాఘవమ్మ ఆ చేతిని చూసింది. అరుగు మీద ముఖాలు చూసింది. ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాదని వీళ్ళందరికీ తెలుసు. వాన కావాలి కాబట్టి కూచుని వింటున్నారు. మరి తను? తనకు ఇల్లు కావాలి. అంతే తేడా.

“వరదయ్యన్నా,” అంది. “ఇంత నీళ్ళు ఆపిన మిద్దె గదా. రేపు పొద్దున తూములు మూసి, పైన ఒక నాలుగు బిందెలు నీళ్ళు నిలబెట్టి చూద్దామా?”

“నీళ్ళా!” వరదయ్య అదిరిపడ్డాడు. “ఏందమ్మా నువ్వనేది? ఊర్లో వాన పడి రెండేళ్ళయింది. తాగేదానికే నీళ్ళు లేక చస్తా ఉంటే, నాలుగు బిందెలు తీసుకుపోయి మిద్దె మీద పోస్తారా ఎవురన్నా?”

అన్నాక తను ఏమన్నాడో ఆయన చెవికే వినపడింది.

ముందు మస్తానయ్య చేతిలో గ్లాసులు గలగలమన్నాయి. తర్వాత అరుగంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. “మరి కొర్రమీనులేమైనాయి వరదయ్యా?” అని ఒకరు, “ఇంజినీరు పుట్టి యాడ కట్టేసినావు?” అని ఒకరు. వరదయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, నవ్వు రాక, కోపమూ రాక, రాఘవమ్మ వైపు తిరిగాడు.

“నా మాట మీద నమ్మకం లేదా తల్లీ?”

“నా కళ్ళ మీద నమ్మకం లేదన్నా,” అంది ఆమె. “ఇందాక ఇల్లంతా చూసినా, ఒక్క తప్పు కనపడలేదు. అంత ఆశగా ఉండాది నాకు. మీరు అమ్మాలి కాబట్టి మీ కంటికి కనపడదు, నాకు కావాలి కాబట్టి నా కంటికి కనపడదు. ఈ ఇల్లు అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే అనే మనిషి ఒకరు చూడాల. కలిగిరిలో కామయ్య మేస్త్రీ అని ఉండాడు. మీకు చుట్టం కాడు, మాకూ కాడు. ఆయన కూలి నేనిస్తా. దారానికి గుండు వేలాడదీసి గోడ వంకర చూస్తాడు, మిద్దె ఎక్కి చూస్తాడు. నీళ్ళ మాట అంటారా, ఆ రోజుకు మా ఇంటి నీళ్ళు తెచ్చి పోస్తాం. ఒక పూట స్నానాలు మానుకుంటే చచ్చిపోము. ఆయన బాగుండాదంటే మరుసటి నిమిషంలో అడ్వాన్సు మీ చేతిలో పెడతా.”

“బాగలేదంటే?”

రాఘవమ్మ వెనక్కి తిరిగి, తెరిచిన తలుపులోంచి లోపలి వంటింటి వెలుతురు చూసింది.

“ఇంకో వాటా వెతుక్కుంటాం,” అంది.

చెంచురామయ్య జేబులోంచి చెయ్యి ఉత్తదే తీశాడు. మస్తానయ్య గ్లాసులు ఏరుకున్నాడు. జనం నవ్వుకుంటూ ఒక్కొక్కరే లేచి పోయారు. ఆదెయ్య మాత్రం కదలకుండా, మబ్బు తునక లేని తెల్లటి ఆకాశం వైపు చూస్తూ కూచున్నాడు. రాఘవమ్మ అరుగు దిగుతుంటే మెల్లగా పిలిచాడు.

“తల్లీ, నువ్వు అడిగింది న్యాయమే. కాకపోతే ఇంకొంచెం సేపు ఆగి అడగాల్సింది. ఇంకా కురిసేది.”