గాల్లో ఉన్న కాలు

ఆసుపత్రిలో పొద్దున్నుంచి ఏ రోగి రిపోర్టూ తెరుచుకోవడం లేదు. కంప్యూటర్ విభాగం పెద్దసారు గదిలో, డేటాబేస్ చూసే ఆవిడ ఆయన కుర్చీకెదురుగా నిలబడి ఉంది.

“ఆదివారం తీసిన బ్యాకప్ ఉందన్నావుగా. ఎక్కించడానికి ఇంతసేపా?”

“ఎక్కించాను సార్. తెరుచుకోనంటోంది.”

“బ్యాకప్ అంటే బ్యాకప్పేగా. దానికేం మాయరోగం?”

“ఇది డేటాబేస్ పని ఆపకుండా, నడుస్తుండగానే తీసింది సార్. నడిచే మనిషిని ఫొటో తీస్తే ఒక కాలు గాల్లో ఉంటుంది కదా, అలా ఉంది. ఆ కాలు ఎక్కడ పడిందో, జరిగిన ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైళ్ళు చెప్పాలి.”

“మరి వాటినే అడుగు.”

“అవి లేవు సార్. సోమవారం చెత్తనుకుని పాతవీ కొత్తవీ మొత్తం తుడిచేశారు.”

“ఎవడా తెలివిగలవాడు? కింద ఆపరేషన్ బల్ల మీద మనిషున్నాడు. రిపోర్టుల్లేక డాక్టర్లు నన్ను పీక్కుతింటున్నారు. పేరు చెప్పు, ఇవాళే ఇంటికి పంపిస్తా.”

“పోనీలెండి సార్. పాపం, చాలా కష్టపడ్డారు. నేను వద్దని రెండుసార్లు మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.”

“నువ్వు వెనకేసుకురాకు. అసలు రుజువుందా?”

“ఉంది సార్. మీ వెనక గోడకే ఉంది.”

ఆయన తిరిగి చూశాడు. నిన్నటి సభలో అందుకున్న ప్రశంసాపత్రం అద్దాల ఫ్రేములో మెరుస్తోంది: ‘ఒక్క పూటలో సర్వర్‌లో సగం చోటు ఖాళీ చేసినందుకు.’

“పేరు పెద్ద అక్షరాల్లోనే వేశారు సార్. చదవమంటారా?”