ఉత్తుత్తి దింపు

కరోనా టీకాకి పిలవడానికి ఆశా కార్యకర్త వచ్చేసరికి అతను పెరట్లో కొబ్బరిచెట్టెక్కి మట్టల చాటున కూర్చున్నాడు. ఆవిడ తిన్నగా ఆ చెట్టు కిందికే వచ్చింది.

“దిగండి బాబూ, టీకా వేయించుకుందురుగాని.”

“కాయల దింపులో ఉన్నానండీ. నెత్తిమీద కాయ పడుద్ది, దూరం జరగండి.”

“ఇందాకట్నుంచి ఒక్క కాయా పడలేదేంటండీ?”

అతను తలెత్తి చూశాడు. పోయిన వారం తన చేత్తో దింపిన చెట్టే. పిందెలు తప్ప ఏమీ లేవు.

“భయమండీ. వేయించుకున్నోళ్ళు పోతన్నారంట కదండీ. మా అత్తగారికి మటుకు చెప్పకండి.”

“ఈ చెట్టు గుర్తు చెప్పి పంపింది ఆవిడేనండీ. పొద్దుటి నుంచీ క్యాంపులోనే కూర్చున్నారు.”

“వేయించేసుకున్నారాండీ?”

“లేదండీ. అల్లుడుగారు తినకుండా నేనెప్పుడూ తినలేదు, ఇదీ అంతే అన్నారు. ఆయన దింపులో ఉన్నారు, కంగారు పెట్టకండి, నేను ఆగుతాను అన్నారు.”

“ఆవిడ నిజంగా దింపే అనుకుంటన్నారాండీ?”

“పోయిన వారం ఈ చెట్టు కాయలు ఏరి రాశి పోసిందెవరండీ?”

అతను మట్ట పక్కకి తోసి కిందికి చూశాడు.

“ఆవిడేనండీ.”

“సాయంత్రానికి క్యాంపు ఎత్తేస్తాం. ఆవిడ చూస్తే ఆయాసం మనిషి.”

“ఆయ్. మీరు నడవండి. నేను వెనక దారమ్మట వస్తాను.”

“వెనక దారెందుకండీ?”

“ఆవిడ మొహం చూడలేనండీ.”

“చూడక్కర్లేదండీ. మీరొచ్చేసరికి అటు తిరిగి కూర్చుంటానని ముందే చెప్పి పంపేరు.”