పంపినవారి పేరు

రెండువేల ఎనిమిది ఎండాకాలం, గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కరెంటు ఎప్పట్లాగే పోయింది, యూపీఎస్ కీచుకీచుమని ప్రాణం తోడేస్తోంది. నాగజ్యోతి పొద్దుటినుంచి ఒకే తెర ముందు కూర్చుని ఉంది. పక్క కుర్చీలో సీనియర్ చైతన్యకృష్ణ.

"మళ్లీ నల్లే! చైతన్య గారూ, మళ్లీ నల్లే, ఖాళీ! ఈ కాంటెక్స్ట్‌ని పట్టుకుని గోడకేసి కొట్టాలనుంది."

"కొట్టకు. పంపినవారి పేరు దగ్గర నల్ వస్తే 'అడ్మిన్' అని పేరు పెట్టుకోమని ఒక్క లైను రాసి వదిలెయ్యమని పొద్దున్నే చెప్పాను."

"ఎవరో తెలీకుండా అడ్మిన్ అని పేరు పెడతామా? అక్కడ కౌంటర్లో కూర్చునే కోటేష్ గారి ఉద్యోగం పోతుంటే?"

"అది కోల్డ్ స్టోరేజీ వాళ్ల గొడవ. మనది కాదు."

"మనది కాకపోవడమేంటండీ! సరుకు బయటికి పంపమని మెసేజి వచ్చింది మన సర్వర్‌కి. గేటు చీటీ వచ్చింది మన ప్రోగ్రామ్ వల్ల. పాపం ఆ రైతు సుబ్బరావమ్మ గారు దాచుకున్న మిర్చి టిక్కీలు, బస్తాలకి బస్తాలు, ఎవరిదో లారీ ఎక్కి వెళ్లిపోయాయి. కౌంటర్లో ఉంది కోటేష్ ఒక్కడే కాబట్టి దొంగ అతనే అంటున్నారు. మెసేజి పంపిందెవరో హెడర్‌లో ఉంటుంది. ఆ పేరు తీసిస్తే అతను బయటపడతాడు."

"ఉంటే కదా తియ్యడానికి."

"మిగతా అన్నిటికీ ఉంది! చూడండి, ఆ ముందుదానికుంది, తర్వాతదానికుంది. మెసేజితో పాటు దాని వివరాల మూట, ఆ కాంటెక్స్ట్ వస్తోంది, అందులోంచి హెడర్ వస్తోంది, హెడర్‌లోంచి పేరు వస్తోంది. ఆ ఒక్కదానికే కాంటెక్స్టే లేదు."

"బగ్ అంటే అలానే ఉంటుంది మరి."

"ఆ చీటీ వచ్చిన మంగళవారం ప్రోగ్రాములో మీరేమైనా మార్చారా?"

"మంగళవారం నేను ఒంగోల్లో ఉన్నాను, డెమోకి. నన్నడక్కు."

"అడిగితే అంత కోపమెందుకూ?"

"కోపం కాదు. టీ తాగొద్దాం పద."

"టీ వద్దు, ఏం వద్దు... ఉండండి, ఫోను. హలో?"

"మేడమ్, నేను కోటేష్‌నండి, ప్రత్తిపాడు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నుంచి. ఏవన్నా తెలిసిందా అండి?"

"చూస్తున్నానండి. స్పీకర్లో పెట్టాను, చైతన్య గారు కూడా వింటున్నారు."

"మా ఓనరు గారు సాయంత్రం దాకా చూస్తానన్నారండి. ఆ తర్వాత స్టేషనుకే అంటన్నారు. సుబ్బరావమ్మ గారైతే ఆఫీసు ముందే కూచుంది మేడమ్. 'నా కాయలేయిరా' అని ఏడుస్తంది. నా పిల్లల మీద ఒట్టండి, ఆ టయానికి నేను మిషను ముట్టుకోలేదు, అన్నం తింటన్నా. చీటీ దానంతటదే వచ్చింది. గేటుకాడోళ్లు దాన్ని చించుకుని, అక్కడున్న లారీకి సరుకు ఎత్తేశారు."

"ఆవిడ లాటంటే, బరువు తప్పు పడిందని ఆరోజు పొద్దున మీరు ఫోన్ చేశారు, అదే కదా?"

"అదేనండి. మీరే సరిచేసి పెట్టారు."

"అవునవును, గుర్తుంది."

"జ్యోతీ, ఫోన్ పెట్టెయ్."

"ఎందుకండీ?"

"ముందు పని చూసుకుందాం. కోటేషూ, మళ్లీ చేస్తాంలే."

"సార్, సార్, ఒక్క మాట. పొద్దున మేడమ్ అన్న ఆ హెడరంటే ఏందో నాకు తెలవదు గానీ..."

"కవరు మీద పంపినవాళ్ల పేరుంటుంది చూడండి, అలాంటిది. లోపలి ఉత్తరం చదవకముందే ఎవరు పంపారో తెలిసిపోతుంది. ఈ మెసేజి కవరే లేకుండా వచ్చింది, అదీ మా తలనొప్పి."

"ఆ పేరు దొరికితే చాలు మేడమ్. ఎవరిదైనా సరే, ఓనరు గారికి మీ నోటితో చెప్పండి. నా మాట నమ్మట్లేదు."

"చెప్తానండి. ఎవరిదైనా సరే. మాటిస్తున్నా."

"మాటెందుకిచ్చావ్?"

"ఇస్తే ఏం? ఫోన్ పెట్టేశాడు, ఇప్పుడు చెప్పండి, ఏం?"

"ఏం లేదు. ఆ పాత లాగ్ ఫైళ్లు తీసేద్దాం, డిస్కు నిండిపోతోంది."

"ఎప్పుడేం నడిచిందో రాసి ఉండేది ఆ లాగ్‌లోనే, అది తీసేస్తారా! ఇవాళే? పొద్దుటినుంచి చూస్తున్నా, మీ వరస నాకేం నచ్చట్లేదు."

"నా వరసకేమైందిప్పుడు?"

"ఆగండి. ఆగండాగండి. కవరు లేకుండా వచ్చిందన్నాను కదా. కవరు లేకుండా ఎప్పుడొస్తుంది? ఎదురుగా ఉండి చేతికిస్తే!"

"జ్యోతీ..."

"మెసేజి బయటినుంచొస్తే కాంటెక్స్ట్ సర్వరే తెచ్చి పెడుతుంది. అలా కాకుండా మనమే ప్రోగ్రాములో న్యూ అని రాసి, మెసేజి అందుకునే ఆ సర్వీసుని పుట్టించి పిలిచామనుకోండి, సర్వర్‌కి ఆ సంగతే తెలీదు. ఇంక కాంటెక్స్ట్ ఎవరు పెడతారు? నల్! ఇది బగ్ కాదండీ. అసలు మెసేజే రాలేదు. ఇక్కడే కూర్చుని, ఈ గదిలోంచే ఎవరో నడిపారు."

"వదిలెయ్ ఇంక."

"వదలను. ఈ మిషను పాస్‌వర్డు మనిద్దరికే తెలుసు. టెస్టు నడపబోయి అసలు డేటాబేసు మీద నడిపేశారు, అంతేగా? అడ్మిన్ అని రాయమన్నది అందుకే. లాగ్ తీసెయ్యమన్నది అందుకే. సిగ్గుగా లేదూ మీకు? ఆ మనిషి పిల్లల మీద ఒట్టేస్తుంటే పక్కన కూర్చుని విన్నారు! మంగళవారం మధ్యాహ్నం మీరు ఇక్కడ..."

"ఊఁ, చెప్పు. నేను?"

"మీరు... మీరు ఒంగోల్లో ఉన్నారు."

"ఉన్నాను."

"ఆరోజు పొద్దున సుబ్బరావమ్మ గారి లాటు బరువు సరిచెయ్యడానికి సెట్టింగు అసలు డేటాబేసుకి మార్చాను. తర్వాత మళ్లీ వెనక్కి మార్చేశాను కదా. మార్చానా?"

"నీ టెస్టు ఫైలులో ఇప్పటికీ ఆవిడ లాటు నంబరే ఉంది. నిన్న చూశాను."

"అన్నానికి లేచేముందు ఆ టెస్టు ఒకసారి నడిపాను... అయ్యో... నిన్ననే చూశారా? చూసి కూడా ఏం మాట్లాడలేదా?"

"నీకింకా ప్రొబేషనే అవలేదు. ఎండీకి తెలిస్తే ఈ పూటే పంపించేస్తాడు. కోటేష్‌కేముంది, ఇంకో కోల్డ్ స్టోరేజీలో దొరుకుతుందిలే అనుకున్నాను."

"స్టేషనంటున్నారండీ అక్కడ! ఆవిడ వాకిట్లో కూర్చుని ఏడుస్తోంది!"

"నేను చెయ్యలేదుగా జ్యోతీ. నీకోసమే ఊరుకున్నాను... ఫోన్ మోగుతోంది. ఎత్తకు. చెప్తున్నా, ఎత్తకు."

"హలో."

"మేడమ్, కోటేష్‌నండి. ఓనరు గారు నా పక్కనే ఉన్నారు, స్పీకర్లో పెట్టా. ఆ పేరు దొరికిందా అండి?"

"దొరికింది కోటేష్ గారూ. ఓనరు గారికి వినపడేట్టు చెప్తున్నా. నాగజ్యోతి. నేనే."