తూకం వేయని ఎలుకపిల్ల

ప్రయోగశాల బల్లమీద ఎలుకపిల్ల చచ్చిపడి ఉంది. డాక్టరూ, ఆయన సహాయకురాలూ దాని తల కోసి చూశారు.

"మెదడు నిక్షేపంగా ఉంది సార్. తలని ఉబ్బించే జబ్బు నీరు లేనే లేదు."

"మరి తలెందుకంత పెద్దదైందమ్మా?"

"దీని తోబుట్టువులకి మెదడులో నీరు చేరింది కదా, పాలు తాగలేక చచ్చిపోయాయి. వాటి వాటా కూడా ఇదే తాగింది. ఒళ్లంతా పెరిగింది, తలతో సహా."

"మనమేమో తలొక్కటే కొలిచాం."

"తూకం కూడా వేసుంటే తెలిసేది సార్."

"దీనికీ అదే జబ్బనుకుని గొట్టం పెట్టి, మెదడుకి ఆసరాగా ఉన్న మంచి నీరే తోడేశాం. చేజేతులా చంపేశామమ్మా."

"తల్లి ఇంకా గూడంతా వెతుకుతోంది సార్."

"ఏ పిల్ల కోసం?"

"మిగిలింది ఇదొక్కటే కదా సార్."